నాయనమ్మ చీర ప్రింట్‌లో నల్లగా ముద్దయిపోతోంది

చెన్నై పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. విషయం కుదించి ఇస్తున్నాం.

వాళ్ల నాన్నగారు గూడూరులో 30 ఏళ్లు ఫొటో స్టూడియో నడిపారు. వచ్చే కార్తీకంలో ఆయనకు సహస్ర చంద్ర దర్శనం. ఆయన తీసిన ఫొటోల్లో 14 ఎంచి, ఏ3 ప్లస్ సైజులో ప్రింట్ వేసి, హాల్లో గోడకు కట్టాలని ఈమె కోరిక. పాత నెగెటివ్‌లను ఇంట్లోనే ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద స్కాన్ చేసుకున్నారు. పది సిరాల ఎప్సన్ పిగ్మెంట్ ప్రింటర్ ఉంది. దూదితో చేసిన మ్యాట్ కాగితం, 310 జీఎస్‌ఎం, 25 షీట్ల పెట్టె కొన్నారు. 9 ఫొటోలు బాగానే వచ్చాయి. నీడ ఎక్కువున్న 5 ఫొటోల దగ్గర బండి ఆగిపోయింది. పెట్టెలో ఇంకా 9 షీట్లు మిగిలాయి.

అన్నిటికంటే కష్టపెడుతున్నది 1971లో తీసిన నాయనమ్మ ఫొటో. వంటింటి గడప పక్కన పీట మీద కూర్చుని ఉంది. ముదురు నేరేడు రంగు వెంకటగిరి చీర, సన్న జరీ అంచు. వెనక అలమారలో ఇత్తడి గిన్నెల వరస, దాని పక్కన చీకటి మూల. నాన్నగారు అప్పట్లో వేసిన 8×10 ప్రింట్‌లో చీర మడతలు లెక్కపెట్టొచ్చు. ఈమె ప్రింట్‌లో చీర, జుట్టు, చీకటి మూల కలిసి ఒకే మచ్చ. అది చూసి ఆయన అన్న మాట: "అమ్మకు చీర కట్టావా, గోనె కప్పావా?" షాడోస్ స్లైడర్ పైకి జరిపితే మడతలు లీలగా తేలాయి కానీ ఫొటో మొత్తం బూడిద చల్లినట్టయింది. నలుపు గాఢంగా రావాలని బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ టిక్ తీసేశారు. కాగితం కంపెనీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) ఫొటోషాప్‌లో పెట్టారు, ప్రింటర్ డ్రైవర్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ అనే నలుపు తెలుపు మోడ్ కూడా ఎంచారు. ల్యాప్‌టాప్ మీద చూస్తే మాత్రం ప్రతి మడతా కనిపిస్తోంది. కర్సర్ పెట్టి చూస్తే (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) మడతల విలువలు 14 నుంచి 42 దాకా, జరీ గీత 55 దగ్గర ఉన్నాయని రాసుకున్నారు.

హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య "ల్యాబ్‌కు పడెయ్, పీడా పోతుంది" అంటున్నారు. భర్త ఒక్కో షీటూ ఖర్చు లెక్కేస్తున్నారు. కాగితం మార్చాలా, ల్యాబ్‌కు ఇవ్వాలా, వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా, నెగెటివే పాడైపోయిందా? ఇవి ఆమె ప్రశ్నలు. చేతిలో మూడు వారాలున్నాయి.

సమాధానం:

చివరి ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీ నాన్నగారి 8×10 ప్రింట్ ఆ నెగెటివ్ నుంచే వచ్చింది, అందులో మడతలున్నాయి. కాబట్టి నెగెటివ్‌లో ఉన్నాయి. స్కాన్‌లోకి కూడా వచ్చాయి, 14 నుంచి 42 దాకా వేర్వేరు అంకెలు కనిపిస్తున్నాయంటే అర్థం అదే. స్కాన్‌కూ కాగితానికీ మధ్యలో ఎక్కడో పోయాయి. అయినా మిగతా నాలుగు ఫొటోలకు పాత ప్రింట్లు లేవన్నారు గనుక, వాటి నెగెటివ్‌లు ఒకసారి చూడండి. ఫోన్‌లో తెల్ల తెర పెట్టి, నెగెటివ్‌ను దానికి కాస్త ఎత్తులో పట్టుకుని, పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ భూతద్దంతో నీడ ఉన్న చోటు వెతకండి. నీడ నెగెటివ్‌లో పలచగా, దాదాపు గాజులా ఉంటుంది. ఫ్రేము బయట ఫిల్మ్ అంచు ఎంత పలచగా ఉందో అక్కడ కూడా అంతే ఉండి, గీత కూడా లేకపోతే అందులో ఏమీ లేనట్టే. దాన్ని నల్లగానే వదిలేయండి, దాని మీద షీట్లు తగలేయకండి. సన్నని గీతలైనా కనబడితే మిగతాది మన చేతిలో ఉంది.

స్కానర్ గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. ఆటో లెవెల్స్ ఆపండి. 16 బిట్ గ్రేస్కేల్‌లో స్కాన్ చేయండి. హిస్టోగ్రామ్ (ఏ టోన్ ఎంత ఉందో చూపే బొమ్మ) ఎడమ అంచును గీతకు ఆనించకుండా కొంచెం ఖాళీ వదలండి. దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం వెండి ఉన్న నలుపు తెలుపు ఫిల్మ్‌కు పనికిరాదు. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా అడ్డుకుంటుంది, దాంతో స్కానర్ బొమ్మనే దుమ్మనుకుని చెరుపుతుంది. అది ఆన్‌లో ఉంటే ఆపి మళ్లీ స్కాన్ చేయండి.

ఇక అసలు గొడవ. కాగితం మీద వచ్చే నలుపు తెర మీది నలుపు కాదు. ఏ కాగితానికైనా దాని అతి గాఢమైన నలుపుకు ఒక హద్దుంది, దాన్ని డీమ్యాక్స్ అంటారు. డెన్సిటీ, అంటే నలుపు గాఢత, అంకెల్లో చెబుతారు. మీ నాన్నగారు వాడిన గ్లాసీ బ్రోమైడ్ కాగితానికి అది సుమారు 2.1. మీ దూది మ్యాట్ కాగితానికి మ్యాట్ బ్లాక్ సిరాతో 1.65 దరిదాపుల్లో ఉంటుంది. తేడా 0.45. డెన్సిటీలో 0.3 అంటే ఒక స్టాప్ (వెలుగు సగానికి తగ్గడం) గనుక ఇది ఒకటిన్నర స్టాప్ తేడా. ఈ మాట మీ నాన్నగారితో ఇలాగే అనండి, ఆయనకు వెంటనే తెలుస్తుంది.

దీన్ని మీ ఫైలులోని అంకెల్లోకి మార్చి చూద్దాం. గామా 2.2 ఫైలులో, 0 నుంచి 255 కొలతలో, 1.65 డెన్సిటీ ఉన్న నలుపు దాదాపు 45 దగ్గర పడుతుంది. అంటే అంతకంటే ముదురు నలుపును ఆ కాగితం వేయలేదు. మీ చీర మడతలు 14 నుంచి 42. చీర మొత్తం హద్దుకు అవతలే ఉంది.

బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఉన్నది సరిగ్గా ఇక్కడ ఆదుకోవడానికే. అది టిక్ చేసి ఉంటే ఫైలులోని 0ను తెచ్చి కాగితపు నలుపు మీద కూర్చోబెట్టి, పైనున్న మెట్లన్నిటినీ కుదించి సర్దుతుంది. మెట్లు దగ్గరపడతాయి కానీ ఏదీ పోదు. రెలెటివ్ కలరిమెట్రిక్ అనే రంగుల మార్పిడి పద్ధతిలో ఆ టిక్ తీసేస్తే 45 లోపువన్నీ ఒకే నలుపు కింద కోసేస్తుంది. నలుపు గాఢం కావాలని మీరు తీశారు. గాఢం కాలేదు, కాగితానికి అంతకుమించి చేతకాదు. పోయినవల్లా మడతలే. స్లైడర్ జరిపితే బూడిద ఎందుకయిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. మడతలు 45 దాటే దాకా మీరు ఎత్తారు, వాటితో పాటు చీకటి మూల కూడా లేచింది. కంటికి "ఇది నలుపు" అని చెప్పే చోటు ఫొటోలో ఒక్కటీ మిగల్లేదు.

దీనికి తోడు ఇంకో తప్పు. ఫొటోషాప్‌లో ప్రొఫైల్ పెట్టారు, డ్రైవర్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ కూడా పెట్టారు. అత్తా కోడలూ ఎవరికి వారు ఉప్పు వేసిన పప్పు ఇది. ఫొటోషాప్ ఒకసారి కాగితానికి తగ్గట్టు మార్చి పంపింది, ఆ సంగతి తెలియని డ్రైవర్ తన లెక్కతో మరోసారి మార్చింది. ఇద్దరిలో ఒక్కరే వెయ్యాలి.

మొదటి దారి: రంగుల వ్యవహారం ఫొటోషాప్‌కే వదలండి. ప్రింట్ విండోలో ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్, కాగితం కంపెనీ ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్, రెలెటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌కు టిక్, డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆఫ్. ఈ దారిలో లాభం, ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే సాఫ్ట్ ప్రూఫ్ చూసుకోవచ్చు. నష్టం, బూడిద రంగులు వేయడానికి రంగు సిరాలు కూడా ఎక్కువగా కలుస్తాయి. ప్రొఫైల్ అంత బాగా లేకపోతే నీడల్లో ఆకుపచ్చో ఊదారంగో తొంగిచూస్తుంది.

రెండో దారి: ఫొటోషాప్‌లో ప్రింటర్ మేనేజెస్ కలర్స్ అని పెట్టి, డ్రైవర్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్. ఇందులో ముఖ్యంగా నలుపు, రెండు బూడిద సిరాలే పనిచేస్తాయి, రంగు సిరా చిటికెడు. టోన్ తటస్థంగా వస్తుంది. అయితే ఆ విండోలో టోన్ అనే చోట డ్రైవర్ తనంతట తాను డార్కర్ అని పెట్టుకుంటుంది. దాన్ని ముందు డార్క్‌కు, చాలకపోతే నార్మల్‌కు తగ్గించండి. చాలామంది నీడలు ఈ ఒక్క మెనూలోనే మునిగిపోతాయి. ఈ దారిలో సాఫ్ట్ ప్రూఫ్ నమ్మకంగా ఉండదు, టెస్ట్ ప్రింటే దిక్కు.

మీకు నేనైతే రెండోదే చెబుతాను. ఇప్పటికే వచ్చిన 9 ఫొటోల పక్కన ఇవి నిలబడాలి, వాటి రంగు ఛాయ డ్రైవర్ పెట్టిందే. మొదటి దారికి మారితే నలుపులో ఛాయ తేడా వచ్చి, ఒకే గోడ మీద రెండు గుంపులుగా కనబడొచ్చు.

షీటు పెట్టబోయే ముందు చూసుకోవాల్సిన చిల్లర సంగతులు కొన్ని ఉన్నాయి. చిల్లరవే అయినా ఒక్కోటి ఒక్కో షీటును మింగుతుంది. మీడియా టైప్ దగ్గర కాగితం కంపెనీ చెప్పినదే ఎంచండి. సిరా ఎంత పడాలి, ఏ నలుపు పడాలి అన్నవి అక్కడే తేలతాయి. గ్లాసీ రకం ఎంచితే మ్యాట్ కాగితం మీద ఫోటో బ్లాక్ (మెరుపు కాగితాల నల్ల సిరా) పడి నలుపు వెలిసిపోతుంది. సిరా మరీ ఎక్కువ పడే రకం ఎంచితే నీడల్లో సిరా పాకి మడతలు పూడుకుపోతాయి. కాగితానికి పూత ఒకవైపే ఉంటుంది. మూలన తడి వేలు పెట్టి చూడండి, పూత ఉన్న వైపు వేలికి కొంచెం అంటుకుంటుంది. నాజిల్ చెక్ వేసి బూడిద సిరాల గీతల్లో తెగినవి ఉన్నాయేమో చూడండి. నీడల్లో మెట్లు కట్టేది ఆ సిరాలే. ఫొటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో గ్రే దగ్గర డాట్ గెయిన్ 20 శాతం అని ఉంటే గ్రే గామా 2.2 పెట్టండి, ఫైలును కన్వర్ట్ టు ప్రొఫైల్‌తోనే మార్చండి, అసైన్‌తో కాదు. నేను పైన చెప్పిన 45 లెక్క గామా 2.2కే సరిపోతుంది.

ఇప్పుడు కొలత. మీ దగ్గరున్న 9 షీట్లలో 5 ఫైనల్ ప్రింట్లకు పోతాయి. ఒకటి పరీక్షలకు బలి ఇవ్వండి. మూడు చెయ్యిజారితే వాడుకోవడానికి. ఏ3 ప్లస్ షీటు 329 × 483 మిల్లీమీటర్లు. నిలువునా అడ్డంగా మధ్యకు కోస్తే నాలుగు ముక్కలు వస్తాయి, డ్రైవర్‌లో కస్టమ్ సైజు ఇస్తే ప్రింటర్ తీసుకుంటుంది.

మొదటి ముక్క మీద ఫొటో వద్దు. 0, 4, 8, 12 అంటూ 60 దాకా 16 గళ్లు పక్కపక్కనే గీయండి. గళ్ల మధ్య తెల్ల సందు వదలకండి, సందు ఉంటే కంటికి తేడా పట్టుకోవడం కష్టం. ప్రతి గడి కింద దాని అంకె రాయండి. టోన్ నార్మల్‌లో ఒక వరస, డార్క్‌లో ఒక వరస, అదే ముక్కను రెండుసార్లు ప్రింటర్‌లో పెట్టి వేయొచ్చు. తడి ఆరకముందే తీర్పు చెప్పకండి. గంట తర్వాత ఒకసారి, మర్నాడు మళ్లీ చూడండి. ఎండ నేరుగా పడని బాల్కనీ నీడలో పట్టుకుని, 0 గడి నుంచి మొదలుపెట్టి, పక్క గడికి తేడా ఎక్కడ మొదట తెలుస్తుందో చూడండి. ఉదాహరణకు 16 దాకా అన్నీ ఒకేలా ఉండి 20 దగ్గర తేడా కనబడితే, మీ ప్రింటర్, మీ కాగితం, మీ సెట్టింగ్ కలిసి 20 కింద ఏమీ చెప్పలేవని అర్థం. ఈ దారిలో డ్రైవర్ మెట్లను కుదించి సర్దుతుంది గనుక ఇది ఇందాకటి 45 కంటే కిందే ఉండొచ్చు. ఆ అంకె రాసిపెట్టుకోండి. ఇకపైన నీడ పనంతా దాని చుట్టే. ఊహించి స్లైడర్ జరపడం మానేయొచ్చు.

ఫైలులో చేయాల్సినది ఇది. అసలు ఫైలు ముట్టుకోకుండా మ్యాట్ కాగితం కోసమని కాపీ తీయండి. కర్వ్స్ లేయర్ ఒకటి పెట్టండి. 0 అక్కడే 0గా ఉండాలి, ఎడమ మూల చుక్కను కదపొద్దు. మీ అంకె 20 అనుకుంటే, అతి ముదురు మడత 14ను 24కు, పై మడత 42ను 70కి తీసుకెళ్లండి. మునుపు మడతల మధ్య తేడా 28, ఇప్పుడు 46. చీర కొంచెం తేలికపడింది, అంతకంటే ముఖ్యంగా మడతకూ మడతకూ మధ్య ఎడం పెరిగింది. కంటికి కావలసింది ఆ ఎడమే. తర్వాత 110ని 118 దగ్గర పట్టి, అక్కడి నుంచి గీతను మెల్లగా పాత దారిలో కలపండి.

ఇది ఊరికే రాదు. 42కూ 110కీ మధ్య 68 మెట్లుండేవి, ఇప్పుడు 48లో ఇరుక్కున్నాయి. ఆ మధ్యలో ఏమున్నాయి? ఇత్తడి గిన్నెల గుండ్రం, బహుశా నాయనమ్మ ముంజేతుల నీడవైపు. అవి చదునైపోతాయి. అందుకే కర్వ్‌ను ఫొటో మొత్తానికి వేయకండి. లేయర్ మాస్క్ నల్లగా నింపి, మెత్తటి తెల్ల బ్రష్‌తో చీర మీద మాత్రం తెరవండి. గిన్నెలు, చేతులు, చీకటి మూల పాతగానే ఉండనివ్వండి. చీకటి మూల 0 దగ్గర ఉంటేనే పక్కనున్న చీర నలుపు కాదు, ముదురు రంగు అని చూసేవాళ్లకు తెలుస్తుంది.

జరీ అంచు పని వేరు. అది 55 దగ్గరున్న సన్న గీత. మడతలు 70 దాకా లేచాక అది చీరలో కలిసిపోతుంది. 50 శాతం బూడిదతో నింపిన కొత్త లేయర్‌ను సాఫ్ట్ లైట్‌లో పెట్టి, తెల్ల బ్రష్ ఒపాసిటీ 5 శాతానికి తగ్గించి, జరీ వెంట మూడు నాలుగు సార్లు పోనివ్వండి. 90, 95 దగ్గరకు చేరితే చాలు. మీ నాన్నగారు ఎన్‌లార్జర్ కింద తీగకు అట్టముక్క కట్టి ఊపుతూ చేసిన డాడ్జింగే ఇది. నా మాట వింటే ఈ లేయర్ దగ్గర ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకోండి. జరీ ఏ మడత మీద మెరవాలో, ఏ మడతలో మునగాలో 1971లో ఆ పీట ముందు నిలబడ్డ మనిషికి తెలిసినంత మనకు తెలియదు. గోనె అన్న మాట కూడా అక్కడితో చల్లబడుతుంది.

అయితే అంతకంటే ముందు ల్యాప్‌టాప్ తెర వెలుగు తగ్గించాలి. ప్రింట్ పనికి చదరపు మీటరుకు 80 నుంచి 100 కాండెలాలు (తెర వెలుగు కొలత) చాలు. మీ తెర ఫుల్ బ్రైట్‌లో దానికి మూడు రెట్లు ఉండొచ్చు. కొలిచే పరికరం లేకపోతే, తెల్ల కాగితం ఒకటి టేబుల్ ల్యాంప్ కింద పెట్టి, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండూ ఒకే తెలుపు అనిపించే దాకా తెర తగ్గించండి. నైట్ లైట్ లాంటివి ఆపండి. తగ్గించిన తెర మీద మీ పాత ఫైలు తెరిస్తే, ప్రింట్‌లో పోయిన మడతలు అక్కడ కూడా సగం పోయి కనబడతాయి.

రెండో ముక్క మీద చీర భాగం మాత్రమే కోసి, ఫైనల్ సైజులో ఎంత పెద్దగా వస్తుందో అంతే పెద్దగా వేయండి. మొత్తం ఫొటోను చిన్నది చేసి వేస్తే మోసపోతారు. చిన్న ప్రింట్‌లో నీడలు ఎప్పుడూ ముద్దగానే ఉంటాయి. మూడు, నాలుగు ముక్కలు సవరణలకు.

కార్తీకం అంటే మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. దూది కాగితం తేమ పీల్చి అంచులు అలల్లా లేస్తాయి. లేచిన అంచు ప్రింట్ హెడ్‌కు తగిలి నల్ల గీత గీకుతుంది. షీట్లను జిప్ కవర్లోనే ఉంచి, వేసే ముందు ఒక్కటే తీయండి. వంకర ఉంటే వెనకవైపు పైకి వచ్చేలా చుట్టి కాసేపు చదును చేయండి, డ్రైవర్‌లో మందపు కాగితం సెట్టింగ్ పెట్టండి. ప్రింటయ్యాక ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఒకరోజు ఆరాక మధ్యలో సాదా కాగితం వేసి పెట్టుకోండి.

ఇక మీరడిగిన మిగతా దారులు.

కాగితం మార్చడం: బరైటా పూత ఉన్న మెరుపు కాగితం మీద ఫోటో బ్లాక్‌తో డీమ్యాక్స్ 2.3 దాకా వస్తుంది. మీ ఫైలు లెక్కలో హద్దు 45 నుంచి 23కు దిగుతుంది. అంటే చీరలో సగానికిపైగా ఏ సవరణా లేకుండానే హద్దు లోపలికి వస్తుంది. మీ నాన్నగారి బ్రోమైడ్ ప్రింట్‌కు దగ్గరి చూపు కూడా ఇదే. మీ ప్రింటర్‌కు రెండు నలుపులూ ఎప్పుడూ సిద్ధంగా ఉండే రకమైతే సిరా మార్పిడి ఖర్చు కూడా ఉండదు. పాత రకమైతే మార్చిన ప్రతిసారీ కొంత సిరా కాలవలో పోతుంది. చిక్కు వేరేచోట ఉంది. మ్యాట్ మీద వేసిన తొమ్మిదింటి పక్కన మెరిసేవి ఐదు కడితే గోడ అతుకుల బొంతలా ఉంటుంది. మెరుపు కాగితం మీద హాలు దీపాలు అద్దంలో పడ్డట్టు పడతాయి. నాయనమ్మ ఫొటో ఒక్కటే బరైటా మీద వేసి, గోడ వరసలో కాకుండా వేదిక పక్కన ఒంటరిగా స్టాండ్ మీద పెట్టే ఉద్దేశం ఉంటే ఇది మంచి దారి. దానికోసం 25 షీట్ల పెట్టె కొనకండి. ఏ4 శాంపిల్ ప్యాక్ దొరికితే గళ్ల పరీక్ష మళ్లీ చేసి చూసుకోండి, మ్యాట్ అంకె దీనికి పనికిరాదు.

ల్యాబ్: మీ అన్నయ్య మాటను కొట్టిపారేయను. మూడు వారాల్లో ఇంటి పని, పండగ పని కూడా ఉన్నవాళ్లకు అది న్యాయమైన దారే. కాకపోతే చాలా ల్యాబుల్లో వేసేది కలర్ కాగితం మీద. నలుపు తెలుపు ఫొటోలో ఆకుపచ్చో గులాబీయో ఛాయ దిగవచ్చు, మెషీన్ ఆటో కరెక్షన్ మీ నీడలను మళ్లీ నలిపేయొచ్చు. ఇస్తే మూడు షరతులు పెట్టండి. ఆటో కరెక్షన్ వద్దు. మొదట నాయనమ్మ చీర భాగం, పక్కనే మీ 16 గళ్లు కలిపి ఒక చిన్న టెస్ట్ ప్రింట్. అది చూశాకే పెద్దది. ఒప్పుకోని ల్యాబ్‌కు ఇవ్వకండి. ఇచ్చినా చీర మీద కర్వ్ పని మాత్రం మీరే చేసి ఇవ్వాలి, కౌంటర్ దగ్గరున్న కుర్రాడికి మీ నాయనమ్మ చీరతో పనేముంది?

వేరే సాఫ్ట్‌వేర్: డ్రైవర్ బదులు వాడే క్వాడ్‌టోన్ రిప్ లాంటివాటితో నలుపు, బూడిద సిరాలు ఎక్కడ ఎంత పడాలో మెట్టు మెట్టుకూ మీరే నిర్ణయించొచ్చు. నీడల మీద దానంత పట్టు డ్రైవర్‌కు ఉండదు. కానీ 21 మెట్ల చార్టు వేసి, కొలిచి, మళ్లీ వేసి లీనియరైజ్ చేయాలి, అంటే మెట్లన్నీ సమంగా పడేలా సర్దాలి. కొలిచే పరికరం లేకుండా సగం గుడ్డి పని. ఫంక్షన్ అయిపోయాక తీరిగ్గా మొదలుపెట్టండి. ఇప్పుడు పెట్టుకుంటే ఉన్న షీట్లు నేర్చుకోవడానికే అయిపోతాయి.

హాలు వెలుగు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ప్రింట్లను జాగ్రత్తగా పోల్చి చూడటానికి ఐఎస్‌ఓ 3664 ప్రమాణం 2000 లక్స్ (మీద పడే వెలుగు కొలత) అంటుంది, మామూలుగా చూడటానికి 500. మన ట్యూబ్‌లైట్ గదుల్లో గోడ మీద 100, 150 పడితే గొప్ప. అంత తక్కువ వెలుగులో మంచి ప్రింట్‌లో కూడా నీడలు మూసుకుపోతాయి. ఎనభై దాటిన కళ్లలోకి చేరే వెలుగు ఇంకా తక్కువ, కంటిపాప చిన్నదవుతుంది, లెన్స్ పచ్చబడుతుంది. మీరు తప్పు చేసిన మాట నిజమే కానీ, నాన్నగారు ఆ ప్రింట్‌ను రాత్రి ముందుగదిలో చూసి ఉంటే కొంత వాటా ట్యూబ్‌లైట్‌ది కూడా. ఈసారి పగలు, కిటికీ పక్కన, పాత 8×10నూ కొత్తదాన్నీ ఒకే వెలుగులో పెట్టి చూపండి. హాల్లో గోడ ఎక్కడో ముందే వెళ్లి చూడండి. ప్రతి రెండు ఫొటోలకూ ఒక చిన్న ఎల్‌ఈడీ స్పాట్ పెట్టించగలిగితే పైన చెప్పిన అంకెలతోనే వేయండి. కుదరదంటే ఫైనల్ ఫైలులో మధ్య టోన్లను కొంచెం, 8, 10 మెట్లు ఎత్తి వేయండి. ఆ ప్రింట్ తర్వాత ఇంట్లో కిటికీ దగ్గర పెడితే కాస్త వెలవెలబోతుంది, అది తెలిసే చేయండి.

గాజు ఫ్రేములు ఒక్కరోజు పండగకు అవసరం లేదు. మామూలు గాజు రెండు ముఖాల మీదా కలిపి 8 శాతం దాకా వెలుగును తిప్పికొడుతుంది. మీ కాగితపు నలుపు తిప్పికొట్టేది 2 శాతం పైచిలుకు. ఎదురుగా కిటికీయో సీరియల్ లైట్లో ఉంటే, మీరు కష్టపడి తెచ్చిన మడతల మీద వాటి ప్రతిబింబమే కనిపిస్తుంది. వెనక అట్ట, చుట్టూ మౌంట్ పెట్టి కట్టండి. పసుపు కుంకుమ చేతులు తగలకుండా కొంచెం ఎత్తులో ఉంచండి. మ్యాట్ ప్రింట్ మీద వేలిగుర్తు పడితే తుడవడానికి ఉండదు.

ముందు నాయనమ్మ ఫొటో పూర్తి చేయండి, మిగతా నాలుగింటికీ అదే గళ్ల అంకె, అదే టోన్ సెట్టింగ్ పనికొస్తాయి. మారేది కర్వ్, మాస్క్ మాత్రమే. ప్రతి టెస్ట్ ముక్క వెనకా తేదీ, టోన్, మీడియా టైప్, కర్వ్ అంకెలు రాసిపెట్టండి. పెన్సిల్‌తోనే రాయండి, బాల్‌పెన్ను నొక్కి రాస్తే ఇటువైపు నలుపు మీద అక్షరాలు గీతలై తేలతాయి.